నువ్వే గీకెయ్యవే

కూతురు సైన్యంలో చేరుతోందన్న సంగతి దర్జీ ఆవిడకు కూతురు చెప్పలేదు. చొక్కా కాలరు తిప్పించుకోవడానికి వచ్చిన కాంపౌండరు చెప్పాడు.

"మీ కందిరీగ పిల్ల రేపు పొద్దున్నే సైన్యం లారీ ఎక్కుతోందటగా? మీరెలా ఒప్పుకున్నారమ్మా?" అన్నాడు.

అడగడానికి ఆయనకు హక్కుంది. కిందటేడు ఆయన కొడుకు సైన్యం నుంచి ఎడం చెయ్యి లేకుండా తిరిగొచ్చాడు. వాడి చొక్కాలన్నిటికీ ఆ పక్క చెయ్యి కత్తిరించి, మూసి కుట్టిచ్చింది ఈవిడే. ఆ వీధిలో అలాంటి చొక్కాలు మూడిళ్లకి కుట్టింది. కుట్టినప్పుడల్లా నా పిల్ల ఇంట్లోనే ఉంది కదా అని లోలోపల సంతోషించింది కూడా.

ఒళ్లు మండిపోయింది ఆవిడకి. గుడ్డ మిషను మీదే వదిలేసి, మెళ్లో టేపు కూడా తియ్యకుండా, సంచీ సర్దుకుంటున్న కూతుర్ని జబ్బ పట్టుకుని భర్తీ ఆఫీసుకు ఈడ్చుకుపోయింది. పదిహేడేళ్ల పిల్ల, తల్లికంటే జానెడు పొడుగు. ఈడిస్తే కదిలే రకం కాదు. గెలుపు తనదేనన్న ధీమాతో వచ్చింది.

పద్దెనిమిది నిండని వాళ్లకు తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలని గోడ మీద బోర్డుంది. తండ్రి ఎప్పుడో పోయాడు. ఇక మిగిలింది ఈవిడే.

"నేను సంతకం పెట్టలేదు. దీని పేరు కొట్టెయ్యండి" అంది.

గుమస్తా తలెత్తకుండానే ఒక కాగితం తీసి ఆవిడ వైపు తిప్పాడు. "మరి ఇదెవరిది?"

కింద ఆవిడ పేరే ఉంది. గుండ్రటి అక్షరాలు, చివర దారప్పోగు లాగినట్టు ఒక తోక. చూడముచ్చటగా ఉంది. అందుకే ఇంకా కడుపు మండింది.

"నాది కాదు."

"అయితే మీది పెట్టి చూపించండి."

పెట్టింది. అక్షరాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. మళ్లీ పెట్టింది. రెండోది మొదటిదానికి దూరపు చుట్టం కూడా కాదు. మూడోసారికి కాగితం చిరిగింది. గుమస్తా నవ్వు దాచుకోలేదు. వయసు సరిచూడ్డానికి బడి నుంచి తెప్పించిన ఫైలు తెరిచి ఒక్కో కాగితమే బల్ల మీద వేశాడు. ప్రోగ్రెస్ కార్డులు, సెలవు చీటీలు, విహారయాత్ర అనుమతులు. అన్నిటి కిందా ఆ గుండ్రటి అక్షరాలే, ఆ తోకే.

"తొమ్మిదేళ్లుగా మీ సంతకం ఇదేనమ్మా. ఇవాళ మీరు పెట్టిందే దొంగదిలా ఉంది."

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. యూనిఫారాల గిరాకీ ముంచుకొచ్చిన రోజుల్లో, ఎనిమిదేళ్ల కూతురు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని మిషను పక్కన నిలబడింది. "చేతులు ఖాళీ లేవు, కనబడట్లా? నువ్వే గీకెయ్యవే" అంది తను. పిల్ల గీకింది. "నాకంటే బాగా పెట్టావే" అని మురిసిపోయి, గుడ్డలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు చూపించింది కూడా. ఆ తర్వాత ఏ కాగితం వచ్చినా అదే మాట. చదివిన పాపాన పోలేదు.

"అవన్నీ కూడా ఇదే పెట్టింది" అంది చివరికి.

"తొమ్మిదేళ్లు మీరేం చేస్తున్నట్టు?"

"కడుపు మాడ్చుకుని దీన్ని పెంచుతున్నా!"

కూతురు ఫక్కున నవ్వింది. "పెంచావులే. ఎప్పుడైనా ఒక్క కాగితం చదివావా అమ్మా? ఈ సైన్యం కాగితం కూడా మొన్న సోమవారం నీ ముందే పెట్టాను. కత్తెర దానిమీదే పెట్టి గుడ్డ కోశావు. ఏమన్నావో నీకు గుర్తుందా, నన్నే చెప్పమంటావా?"

చెప్పక్కర్లేదు. కత్తెర గుర్తుంది. కాగితం గుర్తు లేదు. ఆ మాట మాత్రం అనే ఉంటుంది.

"మీరు చెప్తేనే పెట్టిందంటే చెల్లుతుంది" అన్నాడు గుమస్తా ఫైలు మూస్తూ. "మేం అడిగేది సంతకం. మనసులో ఏముందో మాకెందుకు? మీకు తెలియకుండా పెట్టిందని ఫిర్యాదిస్తే తప్ప పేరు తీసెయ్యం. అప్పుడు పోలీసులు పిల్లని పిలుస్తారు. మైనరు కాబట్టి మిమ్మల్నీ పిలుస్తారు."

"నేను పెట్టమనలేదు" అంది ఆవిడ. "దొంగ సంతకమే. రాసుకోండి."

"అమ్మా!" అని అరిచింది కూతురు. "నువ్వు చెప్పావు! ఎన్ని అబద్ధాలాడతావు?"

"రాయండి మీరు."

గుమస్తా విసుక్కుంటూ రాశాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి చిరిగిన కాగితం వైపు చూసి, సిరాపెట్టె ఆవిడ ముందుకు తోశాడు. "మీ సంతకం మాకు పనికిరాదు. వేలు వెయ్యండి."

వేలిముద్ర వేసేవాళ్లంటే ఆవిడకు మొదట్నుంచీ చిన్నచూపు. అయినా సిరాపెట్టె దగ్గరికి లాక్కుంది. ముందు కాగితం చేతిలోకి తీసుకుని, ఒక్కో లైను కింద వేలు పెట్టి పైకే చదివింది. "నా కూతురు, నాకు తెలియకుండా, నన్ను మోసగించి..." అక్కడ వేలు ఆగింది. మళ్లీ వేలు జరిపి మిగతాది కూడా చదివింది. సూది పోట్లతో మొద్దుబారిన బొటనవేలు సిరాలో అద్ది గట్టిగా నొక్కింది.

గుమస్తా జాబితాలో ఒక పేరు కొట్టేశాడు.

గుమ్మం దాటాక కూతురు ఆగింది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు.

"నామీద దొంగ సంతకం నేరం మోపావు."

"మోపాను. ఇంట్లో ఉండి తిట్టుకో. ఇకమీదట ఏ కాగితం తెచ్చినా చదివే పెడతాను."

"నాలుగు నెలల్లో నాకు పద్దెనిమిది నిండుతాయి" అంది కూతురు. "అప్పుడు నీకు ఏ కాగితమూ చూపించరు."