ఆనపకాయ అన్నదెవరు?

మా ఆయన తిరుమల్ స్టేజీ ఎక్కి సినిమా హీరోలను ఏకిపారేస్తడు. జనం పడిపడి నవ్వుతరు. ఇంట్లకొస్తే మాత్రం ఒక్క నవ్వుండది, అందరి దిక్కు దొంగలను చూసినట్టు చూస్తడు. లాలాగూడ క్వార్టర్ల మేమిద్దరం, మా అత్తమ్మ దేవమ్మ, గంతే.

ఈ మధ్య అనుమానం ముదిరింది. ఊరికె కాదులే. షో పడకముందే ఈయన జోకులు తుఫాన్ స్టార్ ఫ్యాన్స్‌కు తెల్సిపోతున్నయి. వాళ్లొచ్చి కేఫోళ్లను బెదిరిస్తే రెండు షోలు క్యాన్సిల్ అయినయి. ఇగ మారేడ్‌పల్లిల ఆదివారం షో ఒక్కటే మిగిలింది. అది సుత పోతే మళ్ల ఎవ్వరూ పిలువరు. లోపలి మాట బయటికి మోసేది ఎవరని ఒకటే పరేషాన్.

"నీ తమ్ముడు కిషన్ ఫోన్ మీద ఆ హీరో ఫోటో ఉంటది గద?" అన్నడు ఓ పొద్దుగాల.

"ఉంటది. అయితే ఏందీ?"

"ఏం లేదు."

ఏం లేదంట! నాకు ఒళ్లు మండింది.

తెల్లారి ఎన్నడు లేంది నన్ను కూసోవెట్టి కొత్త జోకు చెప్పిండు. తుఫాన్ స్టార్ ఏడ్చినా, కొట్లాడినా, ప్రేమించినా మొఖం బీరకాయ లెక్కనే ఉంటదంట. మస్తు నవ్విన. అబ్బ, నన్ను నమ్మిండు అని లోపల మురిసిన.

శుక్రవారం ఫోనొచ్చింది. స్పీకర్ల పెట్టిండు.

"మా అన్న మొఖం ఆనపకాయా బే? ఆదివారం వస్తున్నం, చూస్కో!" అని ఎవడో అరిచి కట్ చేసిండు.

"దొరికిండు!" అని ఎగిరిండు తిరుమల్. "సొరకాయను ఆనపకాయ అనేది ఎవరు? శ్రీకాకుళపోడు, కల్యాణ్ గాడు!"

కల్యాణ్ ఈయనతోని కూసొని జోకులు రాస్తడు, మల్కాజ్‌గిరిల ఉంటడు. జెర ఆగుమంటే వినకుంట ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిండు. "నేను కాదన్నా, మాయమ్మ తోడు," అని ఆ పిలగాడు ఏడ్చుడు నాకు సుత వినవడ్డది.

నాకు మనసొప్పలే. సాయంత్రం బయటికొస్తే గడప కాడ అత్తమ్మ, ఎదురింటి అమ్మన్నమ్మ కూరగాయలు కోస్తున్రు. అమ్మన్నమ్మది విజయనగరం దిక్కు. నన్ను చూసి పకపకా నవ్వింది.

"మీ ఆయన భలేటోడే తల్లీ! ఆ హీరో మొగం ఆనపకాయంటగా! మా మనవడికి చెప్తే కస్సుమన్నాడు. ఆడికి ఆ హీరో అంటే పిచ్చి కదేటి!"

పక్కన అత్తమ్మ మురిసిపోతున్నది. కొడుకు ప్రతి జోకు ముందుగాల ఆమెకే చెప్తడు, ఆమె నవ్వితేనే స్టేజీ ఎక్కిస్తడు. అత్తమ్మ సొరకాయ అని చెప్పింది, అమ్మన్నమ్మ తన భాషల ఆనపకాయ అని మోసింది. పాపం, ఇద్దరికీ ఏం తెల్వదు.

లోపలికి పోయి చెప్పిన. తిరుమల్ నెత్తి పట్టుకున్నడు.

"అమ్మ అయితదనుకోలే రజితా. కల్యాణ్ కాళ్లు పట్టుకుంట," అని ఫోన్ కలిపిండు.

"అత్తమ్మకు సొరకాయ అన్నవ్, కల్యాణ్‌కు సొరకాయ అన్నవ్. నా ఒక్కదానికే బీరకాయ ఎందుకు?"

ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టిండు. "అంటే... ఊరికెనే..."

అవతల కల్యాణ్ "అన్నా, అన్నా" అంటున్నడు.

"మాట్లాడు," అన్న. "వాణ్ని ఆ ఫోనొచ్చినంక అనుమానించినవ్. నన్ను అంతకన్న ముందే."