అధ్యక్షురాలి అరగంట

నింపిన సీసా నింపినట్టే తిరిగొచ్చింది. వాకిట్లో నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న రేణుక, కూతురి బడి సంచిలోంచి తీసిన నీళ్ల సీసా మూత తిప్పి చూసింది. పొద్దున తను పోసిన నీళ్లే, గొంతు దాకా ఉన్నాయి. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఏడో తరగతి పిల్ల పొద్దున పోయి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా ఎలా ఉంటుంది?

“దూప కాలేదమ్మా,” అంది భవాని, చూపు తిప్పుకుని.

ఆ అబద్ధం రేణుకకు కొత్త కాదు. తనూ రోజూ ఆడేదే. హైటెక్ సిటీ అద్దాల మేడలో ఏడో అంతస్తు హౌస్‌కీపింగ్ తనది. అక్కడి బాత్రూంలు రోజుకు నాలుగుసార్లు కడుగుతుంది, నిమ్మకాయ వాసన వచ్చేలా, అద్దంలో మొహం కడిగిన ముత్యంలా కనబడేలా. కానీ తను వెళ్లాలంటే మాత్రం సెల్లార్‌కి దిగాలి, దిగేముందు సూపర్‌వైజర్‌కి చెప్పాలి, చెప్తే ఆయన గడియారం చూసుకుంటాడు. ఆ చూపు తప్పించుకోవడానికి ఆరేళ్లుగా ఆమె పగటిపూట నీళ్లు మానేసింది. పిల్లకు ఇంటిపేరు తండ్రిది వచ్చింది గానీ ఈ ఓర్పు మాత్రం తల్లిదే వచ్చినట్టుంది. పోయిన నెల పిల్లకు మూత్రంలో మంట పుట్టి, జ్వరం వచ్చి, దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ తిట్టింది, “నీళ్లు కూడా తాగించలేరా పిల్లకు?” అని. ఆ మాటకు రేణుక తల వంచుకుని బయటికొచ్చింది.

బడిలో బాత్రూంలు లేవా అంటే, ఉన్నాయి. కిందటేడు ఆ అద్దాల మేడ కంపెనీయే కట్టించింది. గోడల మీద సీతాకోకచిలుకలు, రిబ్బను కత్తిరింపు, ఫొటోలు, అన్నీ అయ్యాయి. నెల తిరిగేసరికి తాళం పడింది. కడిగే మనిషిని సర్కారు ఇవ్వలేదు. కట్టించడం వరకే మా పని అని కంపెనీ అంది. పెద్ద పిల్లలు నెలనెలా ఆ మూడు రోజులూ బడి మానేసి ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. నేడో రేపో భవాని కూడా వాళ్లలో కలుస్తుంది. రేణుకను లోపల తొలిచేది ఆ భయమే.

విచిత్రం ఏమిటంటే, ఆ బడి కమిటీకి అధ్యక్షురాలు రేణుకే. అధ్యక్షురాలు అనగానే పెద్ద కుర్చీ ఊహించుకోకండి. పొదుపు సంఘంలో సంతకం చక్కగా పెట్టే మనిషని ఎన్నుకున్నారు, అంతే. తీర్మానం పుస్తకం భవాని సంచిలో ఇంటికే వస్తుంది. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో టిక్కు ఉంటుంది. పొయ్యి మీద అన్నం పొంగుతుంటే ఒక చేత్తో మూత తీసి ఇంకో చేత్తో సంతకం పెట్టడమే ఆమె అధ్యక్షత.

ఈసారి పుస్తకంతో పాటు కంపెనీ రెండో ఏడాది ఒప్పందం కాగితాలూ వచ్చాయి. వెనకే హెడ్మాస్టర్ ఐలయ్య సారు ఫోనూ వచ్చింది. “రేణుకమ్మా, నువ్ ఎట్లాగు ఆ పనే చేస్తవ్ గద. పొద్దుగాల అర్ధగంట ఒచ్చి కడిగిపోతే నేను తాళం తీస్త. పుణ్యముంటది.”

ఆమె నోరు తెరిచేలోపు మొగుడు మొగిలి ఫోను అందుకుని, “దాంట్ల ఏముంది సారూ, అస్తది. మన పిల్లల బడే గద,” అనేశాడు. క్యాబ్ నడిపే మనిషి, ఎక్కడ మలుపు తిప్పాలో ఆయనకే తెలుసన్నట్టు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. గడపలో కూర్చున్న అత్త చంద్రమ్మ, “అర్ధగంట చేస్తే చేతులు అరిగిపోతయా?” అని ముక్తాయింపు ఇచ్చింది.

చేతులేమీ అరగలేదు. రేణుక అరగంట ముందు లేచింది, బడికి పోయింది, కడిగింది, అక్కడి నుంచి పరుగున డ్యూటీకి పోయింది. నిజం చెప్పాలంటే ఆ మొదటి వారం ఆమెకు సంతోషంగానే ఉంది. సీసా ఖాళీగా వచ్చిన మొదటి సాయంత్రం కూతుర్ని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నడుము నొప్పి ఉందనీ, రెండుసార్లు ఆలస్యమై సూపర్‌వైజర్ చేత మాట పడ్డాననీ ఎవరికీ చెప్పలేదు.

రెండో వారం గురువారం నాడు బోరు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. సగం పనిలో ఉండగానే బడి గంట కొట్టారు. బకెట్ నింపుకుని వెనక్కి తిరిగేసరికి, చున్నీ నడుముకు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని భవాని నేల రుద్దుతోంది.

“నువ్ పోమ్మా, నీకు లేటయితది. మిగిలింది నేను చేస్త,” అంది, తలెత్తకుండానే. ఎంత ప్రేమగా అందో! పక్క గదిలో లెక్కల పాఠం మొదలైపోయింది. అటుగా పోతున్న ఐలయ్య సారు ఆగి, “తల్లిని మించిన బిడ్డ,” అని మనసారా మెచ్చుకున్నారు.

రేణుక బకెట్ కింద పెట్టింది. పిల్ల చేతిలోంచి బ్రష్ లాక్కుని, ఆ చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, క్లాసు గుమ్మం దాకా తనే తీసుకుపోయి వదిలిపెట్టింది. తను చేసినన్నాళ్లూ అది తల్లి ప్రేమ అనుకుంది. కూతురు చేస్తే తెలిసింది, అది ఎవరి నెత్తిన పడేసినా అడిగేవాళ్లు లేని పనని. ఆ మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని ఒప్పందం నాలుగు పేజీలూ మొదటిసారి చదివింది. క్లాసుల్లో పెట్టే డిజిటల్ తెరలున్నాయి, ట్యాబ్‌లున్నాయి, గోడ మీద కంపెనీ పేరు ఎన్ని అడుగులుండాలో కూడా ఉంది. కడిగే మనిషి మాట మాత్రం ఎక్కడా లేదు.

శనివారం సెలవు పెట్టి, ఆవపువ్వు రంగు నూలు చీర కట్టుకుని బడిలో ఒప్పందం మీటింగుకు పోయింది. కంపెనీ తరఫున ఆమని మేడం వచ్చింది. రోజూ ఆమె బల్ల కింది చెత్తబుట్ట తీసేది రేణుకే. యూనిఫాం లేకపోయేసరికి మేడం గుర్తుపట్టలేదు.

“ఇక్కడ పెట్టండమ్మా,” అని టిక్కు చూపించింది.

“ఒక ముచ్చట, మేడం. ఆడపిల్లల బాత్రూం ఎవలు కడగాలె?”

ఐలయ్య సారు అందుకున్నారు. “ఆ ఫికర్ లేదు మేడం. మా రేణుకమ్మనే పైస తీస్కోకుండ చేస్తది. పిల్లలంటే పానం.”

“అబ్బ, ఎంత బావుందండీ! మీ మీద చిన్న వీడియో తీద్దాం.”

“వీడియో ఒద్దు మేడం. నేను మీ ఏడో అంతస్తులనే చేస్త.”

ఆమని ఆమె మొహంలోకి చూసింది. అప్పుడు గుర్తుపట్టి, సిగ్గుపడి, “అయ్యో, మీరా!” అంది.

“ఆడ బాత్రూంలు కట్టి ఇడిసిపెట్టలే గద. కడగనీకి మమ్ముల పెట్టుకున్నరు. ఈడ మాత్రం కట్టిస్తే అయిపోతదా? నేను ఊకెనే కడిగితే, నన్ను జూసి నా బిడ్డ లెక్కల క్లాసు ఇడిసి కడగనీకి ఒచ్చింది.” టిక్కు ఉన్న కాగితం మీద వేలు పెట్టింది. “ఒక మనిషిని పెట్టుండ్రి. జీతం, గ్లౌజులు ఇయ్యుండ్రి. ఆ మనిషి గూడ ఆ బాత్రూంలకే పోవచ్చని రాయుండ్రి.”

“నిర్వహణ మా పరిధిలోకి రాదండీ,” అంది ఆమని మెల్లగా.

“అయితే ఒక తెర తగ్గించుండ్రి. లేకుంటే నేను సంతకం పెట్ట.”

“రేణుకమ్మా, జర ఆలోచించు,” అన్నారు సారు కంగారుగా. “కంపెనీ వాపస్ పోతే పిల్లలకే నష్టం. నీ నౌకరి గూడ...”

మూడు రోజులుగా ఆమె భయం అదే. అయినా పెన్నుకు మూత పెట్టి పుస్తకం మీద ఉంచింది. ఆమని ఫోను తీసుకుని వరండాలోకి పోయింది. పొద్దున మొగిలి అన్న మాట రేణుకకు గుర్తొచ్చింది: “జీతమిస్తమంటే నువ్వే చేర్కో. బయటోళ్లెందుకు?”

పది నిమిషాలకు ఆమని నవ్వుతూ తిరిగొచ్చింది. “ఈ ఏడాదికి ఒప్పుకున్నారండీ, ఒక మనిషికి.” బడి కమిటీ పెట్టుకునే మనిషికి జీతం, గ్లౌజులు కంపెనీ ఇస్తుందని, ఆ మనిషీ అవే బాత్రూంలు వాడొచ్చని కాగితం చివర తన చేత్తోనే ఒక వాక్యం రాసి, ఆ మనిషి పేరుకు ఖాళీ వదిలింది. “మీకూ కలిసొస్తుంది కదా. ఇక్కడ మీ పేరే రాసెయ్యనా?”

ఐలయ్య సారు హమ్మయ్య అన్నట్టు తల ఊపారు.

రేణుక ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివింది.

“నా పేరు ఆడ కాదు మేడం. కింద, అధ్యక్షురాలు అని ఉన్నకాడ,” అంది. “ఆ మనిషిని పనిల పెట్టుకునేది నేను.”