గంటకు కట్టిన గుడ్డ

“ఇంట్లో పాత సామాను మేం చాలమా? ఇంకోటి తెచ్చావా?” అన్నాడు భర్త, వ్యానులోంచి దిగుతున్న, బట్టలారబెట్టే డ్రయ్యర్‌ని చూసి. తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. మోయడానికి మాత్రం ముందుకు రాలేదు.

అది అమ్మ డ్రయ్యర్. అమ్మ పోయాక, పుట్టిల్లు అమ్మేస్తున్నామని చెప్పినప్పుడు అన్నయ్య ఫోనులో, “ఆ డబ్బా పాతసామాన్లవాడికి ఇచ్చేస్తున్నా చెల్లాయ్,” అన్నాడు. ఆ ఇంటినుంచి ఏనాడూ ఏమీ అడగని ఆమె, గబుక్కున “నాకిచ్చెయ్,” అనేసింది. అడిగాక తనకే ఆశ్చర్యమేసింది.

చిన్నప్పుడు వాళ్ళది ఏడాదిలో సగం ఎండ మొహం చూపని ఊరు. ఏడుగురి బట్టలు. అమ్మ తడి గుడ్డలన్నీ డ్రమ్ములో కుక్కి, గుండ్రటి మీట తిప్పి, చిన్న స్టూలు లాక్కుని ఆ యంత్రానికి వీపు ఆనించి కూర్చునేది. లోపల గుండీలు రేకుకు తగిలి టకటకమనేవి. అమ్మ కళ్ళు మూసుకునేది. స్కూలునుంచి తడిసి వచ్చిన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, అప్పుడే తీసిన తువ్వాలు నెత్తిన కప్పేది. ఆ వెచ్చదనం, సబ్బూ కాలిన దుమ్మూ కలిసిన ఆ వాసన ఇంకెక్కడా దొరకలేదామెకి. ముందుగదిలోంచి నాన్న “ఎక్కడ చచ్చావ్?” అని కేకేస్తే, అమ్మ కళ్ళు తెరవకుండానే, “బట్టల దగ్గరున్నా! వదిలేసి వస్తే మాడిపోతాయి!” అనేది. నాన్న నోరు మూసుకునేవాడు. తన చొక్కాలు మాడిపోతే ఎలా మరి!

డ్రయ్యర్ ఇంటికొచ్చిన రెండో ఆదివారం ఆమె ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పింది. లోపల నూలుపీచు పరుపులా పేరుకుపోయి ఉంది. నాన్న ఖాకీ, అన్నయ్య స్వెట్టరు ఎరుపు, తన యూనిఫాం నీలం పొరలు పొరలుగా. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదు చాలాసేపు. డ్రమ్ముని తిప్పే బెల్టు తెగిపోయింది. కింద చక్రాలు బిగుసుకుపోయాయి. గరుకు కాగితంతో తుప్పు గీకింది, నూనె పోసింది, చేతులు మసిబారాయి. “ఆ ఓపికేదో వంటమీద పెడితే బాగుపడేవాళ్ళం,” అన్నాడు భర్త గుమ్మంలో నిలబడి. ఆఫీసులోనూ ఇదే మాట. ప్రింటరు మొరాయించినప్పుడల్లా ఆమెనే పిలుస్తారు, బాగుచేశాక మేనేజరు, “ఆడవాళ్ళకి ఓపికెక్కువండీ,” అంటాడు. పాతికేళ్ళుగా ఆమె చేతిలో ఉన్నదాన్ని పనితనం అని ఒక్కరూ అనలేదు.

విడిభాగాల దుకాణంవాడు ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. “సార్‌ని పంపించండి మేడమ్, ఆయనకైతే చెప్తాను.”

ఆమె తెగిన బెల్టు తీసి బల్లమీద పెట్టింది. “సార్‌కి ఇది ఎక్కడుంటుందో తెలీదండీ. దీని కొలతది ఇవ్వండి.”

బెల్టు దొరికింది.

బెల్టు బిగించాక, చివరగా మీట వెనకున్న ముందు రేకు విప్పింది. టైమరు కనిపించింది. తిప్పి చూస్తే టిక్కుటిక్కుమంటూ సున్నాకి వచ్చి, దానంతటదే ఆగింది. ఆగినప్పుడు పక్కనున్న చిన్న సుత్తి కదిలి ఒక గంటని తాకింది. చప్పుడు రాలేదు. ఏమిటా అని దగ్గరికి వంగి చూసింది. సుత్తి తలకి గుడ్డ చుట్టి, దారంతో గట్టిగా కుట్టేసి ఉంది. తెల్లటి గుడ్డ మీద పసుప్పచ్చ పువ్వులు. తన చిన్నప్పటి గౌను ముక్క. ఆ కుట్టు అమ్మదే.

ఆమె నేలమీదే చతికిలబడింది. కాపలా అక్కర్లేదన్నమాట. ఏమీ మాడదన్నమాట. యంత్రం ఆగిపోయాక కూడా అమ్మ అలాగే కళ్ళు మూసుకుని కూర్చునేదన్నమాట! అయ్యో దొంగమ్మా, అని పైకే అని పకపకా నవ్వింది. ఆ కాస్త సేపు కూర్చోవడానికి అమ్మ ఇంత పన్నాగం పన్ని, స్క్రూలు విప్పి, మళ్ళీ బిగించి, బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. కూర్చుంటానని ఒక్క మాట అనగలిగితే ఇదంతా ఎందుకు?

కుట్లు ఒక్కొక్కటే విప్పి, గుడ్డని మడిచి తన పర్సులో పెట్టుకుంది.

ఆ సాయంత్రం భర్త తడి చొక్కాల మూటతో వచ్చాడు. “పనిచేస్తోందటగా, వీటినీ పడెయ్.” ఎలా వేయాలో, పీచు పట్టే జల్లెడ ఎలా తీయాలో చెప్పి, ఆయన చేతే చేయించింది. తర్వాత కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బయట వాన చూస్తోంది. గంట ఇల్లంతా వినపడేలా ఖంగుమంది.

“ఏమోయ్, మోగుతోంది!”

“వినపడింది.”

“మరి?”

“మీ చొక్కాలే. వేడిమీద మడతపెడితే ముడతలు పడవు.”

ఆయన పేపరు దించి ఆమె వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఆమె కాళ్ళు పైకి ముడుచుకుని ఇంకాస్త వెనక్కి వాలింది.