కంబదూరు కంది ఎటు పోయింది

ఓబుళేసు సంచి తెచ్చి బల్ల మీద పెట్టగానే ఇంద్రాణికి ఒళ్ళు మండింది. చేసిన దొంగపని చాలక, ఇప్పుడు లంచం కూడానా!

కళ్యాణదుర్గంలో ఒక రైతు సంఘం ఆఫీసులో లెక్కల పని ఆమెది. ఓబుళేసు కంబదూరు చేలన్నీ తిరిగి, ఏ చేలో ఏ పంట ఉందో ట్యాబులో ఎక్కించుకొస్తాడు. దాన్ని ఆమె ఆర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములో శుభ్రం చేస్తుంది. రైతుల్లో ఒకరు బుడ్డలంటారు, ఇంకొకరు శెనక్కాయలంటారు. అన్నిటినీ ‘వేరుశనగ’ అని మారుస్తుంది. ఈసారి అంతా అయ్యాక చూస్తే కంబదూరు మొత్తంలో ఒక్క కంది మొక్క లేదు. ఎక్కడైనా ఉంటుందా ఈ విడ్డూరం! టీ అంగట్లో కూర్చుని అన్ని చేలకూ వేరుశనగ అనే ఎక్కించేసి ఉంటాడని తేల్చుకుంది. నిన్ననే సంఘం నడిపే సారుకు చెప్పింది. సారు అతన్ని పనిలోంచి తీసేశాడు.

ఇప్పుడు ట్యాబు అప్పజెప్పడానికి వచ్చాడు.

"ఆ సంచేందన్నా?"

"కందికాయలమ్మా. ఉడకబెట్టుకుంటావని ముందే కోసి పెట్టింటి. పని పోతాదని నాకేం తెలుసు?"

"యాడివి?"

"కంబదూరివే. ఇంగ యాడివి?"

"ఆడ కందే లేదని నువ్వే కదా ఎక్కించినావు!"

"నేనా? ఏందమ్మా నువ్వు మాట్లాడేది! శెనక్కాయల మధ్యన కంది సాళ్లు లేని చేను ఒక్కటన్నా ఉండాదా ఆడ? రెండూ రాసినా."

అబద్ధాలకేం తక్కువ లేదు అనుకుంటూ, మొహం మీదే రుజువు చేద్దామని అతను పంపిన అసలు ఫైలు తెరిచింది. ప్రతి గడిలోనూ ‘బుడ్డలు/కంది’, ‘శెనక్కాయ/కంది’. ఆ గీత దగ్గర విడగొట్టమని ఆర్‌కు రాసిచ్చింది తనే. ముక్కలు పెట్టుకోవడానికి మాత్రం ‘పంట’ అని ఒక్క నిలువు వరుసే ఇచ్చింది. మొదటి ముక్క నిలిచింది, రెండోది రాలిపోయింది. మిగిలినవి పారేస్తున్నానని ఆర్ హెచ్చరించనే హెచ్చరించింది. ఎప్పుడూ ఉండే గోలేలే అని ఆమె చదవలేదు.

ఛీ, ఎంత పని చేసింది! మనిషిని అనుమానించింది గానీ తన చేతిని అనుమానించలేదు. ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"సార్, ఓబుళేసన్న సరిగానే రాసినాడు. కందిని పారేసింది నేను. ఆయన్ని తీసేయొద్దండి."

"రేపట్నుంచి రమ్మను," అన్నాడు సారు. "నీ పాత లెక్కలన్నీ కూడా తెచ్చి చూపించు."

ఓబుళేసు ట్యాబు చంకలో పెట్టుకున్నాడు. సంచి కూడా తీసుకున్నాడు.

"అన్నా, కాయలు..."

"ఇంటికి తీసుకపోతానమ్మా. నమ్మినోళ్ళకు పెడతా."