పలక పట్టుకున్న ఇళ్ళు

ఫిల్మ్ నగర్‌లో నలభై ఏళ్ళు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. నా సెట్లు మెచ్చుకున్నవాళ్ళున్నారు గానీ, నా ఇంట్లో సామాను చూసి తిట్టనివాళ్ళు లేరు. పాత ఫొటో ఒక్కటి కూడా పారేయను. నా ఇష్టం.

మా మెస్‌లో వంటచేసే నాగేశ్వరి ఒకరోజు వచ్చి, "నర్సయ్య అన్నగారూ, మా దోనెపాలెంలో షూటింగ్ చేశారు కదండీ, ఫొటోలున్నాయా?" అంది.

ఆ ఊరు ఇప్పుడు లేదు. మా షూటింగ్ అయిన ఈ పద్దెనిమిదేళ్ళలో సముద్రం కొంచెం కొంచెంగా కోసుకుపోయింది. ఇళ్ళతోపాటు కాగితాలూ పోయాయి. వేరేచోట ఇళ్ళస్థలాలిమ్మంటే, ఇళ్ళు పోవడానికి తుఫానేమైనా వచ్చిందా, అసలు అక్కడ మీ ఇల్లున్నట్టు రుజువేదీ అన్నారట అధికారులు. ఊరంతా కలిసి అక్కడి హైకోర్టుకెక్కింది. సోమవారం వాయిదా.

ఆ షూటింగ్ ఆల్బమ్ పట్టుకుని జూబ్లీ హిల్స్‌లో ఊరివాళ్ళ లాయరు సాయిసుధ ఆఫీసుకు వెళ్ళాం. ఆ అమ్మాయి చూసి పెదవి విరిచింది.

"ఇదంతా సినిమా సెట్ అనేస్తారండీ."

నాకు ఒళ్ళు మండింది. "సెట్టా? జర చూడు బిడ్డా, గవి మనుషులున్న ఇండ్లు! మేం మీద రంగు ఏసినం, గంతే!"

అరిచాక తెలిసింది. కథ కోసం అన్ని గోడలకూ నీలం పూసి, ఇంటి నంబర్లు కూడా మార్చింది నేనే. నా పనితనమే నాగేశ్వరి కొంప ముంచేలా ఉంది.

అప్పుడు తట్టింది. షూటింగ్‌కు ఎవరి ఇల్లైనా అడిగి తీసుకుంటే, ముట్టుకోకముందే ఫొటో తీయాలి, పనయ్యాక మళ్ళీ అలాగే చేసి అప్పగించాలి. ఇంటివాళ్ళను గుమ్మంలో నిలబెట్టి, పేరు, నంబరు, తేదీ రాసిన పలక చేతికివ్వడం మా మేస్త్రీ పెట్టిన పద్ధతి. పరుగున ఇంటికెళ్ళి అటక మీది ట్రంకుపెట్టె దించి, ఆఫీసుకు తెచ్చాను.

అరవై రెండు ఫొటోలు. బల్ల చాలలేదు. నాగేశ్వరి నేలమీద కూర్చుని వీధి వరసలో పేర్చుకుంటూ పోయింది. "ఇది మంగమ్మత్తదండీ. ఇక్కడ బోరింగు. ఇదిగో, మాది."

చూస్తూ చూస్తూ ఉండగానే గది నిండా ఊరు లేచింది. అవతలి వైపు వెళ్ళబోయిన సాయిసుధ ఆగి, చెప్పులు విప్పి, ఫొటోల మధ్య వీధిలోంచే నడిచింది.

"సముద్రం ఒక్క దాంట్లోనూ కనపడదేంటండీ?"

"మా డైరెక్టరు గూడ గదే లొల్లి జేసిండు బిడ్డా. అప్పట్ల సముద్రం చూడాల్నంటే మైలు నడవాలె."

ఫొటోల నకళ్ళు ఫైల్ చేసి, అసలువి నేలమీద అలాగే ఉంచి, సోమవారం ఆ ఆఫీసు నుంచే వీడియోలో కోర్టుకు హాజరయ్యాం. జడ్జిగారు చాలాసేపు ఒక్కొక్కటీ చూశారు. ఆయనా అదే అడిగారు, సముద్రం ఏదమ్మా అని.

నాగేశ్వరి లేచి చేతులు జోడించింది. "అప్పటికింకా రాలేదండీ."

ఇళ్ళున్నాయా అని వీళ్ళను ఇంకెవరూ అడగొద్దని, మూడు నెలల్లో స్థలాలు చూపించమని ఆయన అధికారులతో అన్నారు. తరవాత కోర్టు గుమాస్తా కాబోలు, ఆమె చిరునామా చెప్పమన్నాడు. ఇన్నాళ్ళూ మధురానగర్‌లోని అద్దెగది చెప్పే మనిషి, నేలమీది తన ఫొటోలో పలక వంక చూసింది.

"మూడు బై నలభై ఒకటి, దోనెపాలెం."

అతను అదే రాసుకున్నాడు.