మామ్మగారి ఫుల్‌స్టాప్‌లు

రిటైరైన బస్సు కండక్టరు తాతగారు తన జీవితచరిత్ర మూడు వందల పేజీలు రాశారు గానీ, ఎక్కడా ఒక్క ఫుల్‌స్టాప్ పెట్టిన పాపాన పోలేదు. "ఆగితే మా ఆవిడ అందుకుంటుందమ్మా!" అన్నారు, టైపింగ్ షాపులో పనిచేసే అమ్మాయి కారణమడిగితే.

శనివారానికల్లా ఫుల్‌స్టాప్‌లన్నీ పెట్టి ఇవ్వకపోతే ఇంకొకరిని చూసుకుంటానని షాపు ఓనరు ఆ అమ్మాయిని బెదిరించాడు. రెండు రోజులు కుస్తీ పడితే పన్నెండు పేజీలు తెమిలాయి. మూడో రోజు అమ్మాయి ల్యాప్‌టాప్ తీసుకుని తాతగారింటికే వెళ్ళి, మామ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన్ని పైకి చదవమంది.

"ఆ రోజు నేనొక్కణ్ణే దొంగను పట్టుకున్నాను..."

"దొంగే మిమ్మల్ని పట్టుకున్నాడు!"

అమ్మాయి ఫుల్‌స్టాప్ పెట్టింది. మామ్మగారు ఊఁ కొడితే కామా, "చాల్లెండి సంబడం" అంటే ఫుల్‌స్టాప్, విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్తే కొత్త పేరా. పని పరుగందుకుంది.

శుక్రవారం ఒక పేజీ వచ్చింది. తాతగారు జ్వరంలో "టికెట్, టికెట్" అని కలవరించినప్పుడల్లా, మంచం పక్కన కూర్చున్న మామ్మగారు "ఒకటివ్వండి" అంటూ చెయ్యి చాపిన సంగతి అది. ఆ పేజీ అయ్యేదాకా మామ్మగారు కిక్కురుమనలేదు.

"ఈ పేజీలో ఒక్కటీ లేదేమమ్మాయ్?" అని శనివారం ఓనరు కసిరాడు.

"అక్కడ మామ్మగారు అడ్డు తగల్లేదండీ."

ఓనరు ఆ పేజీ చదివి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరే, అలాగే ఉండనీ. సోమవారం ఇంకో ఆయన వెయ్యి పేజీలు తెస్తాడు."

"ఆయనకు పెళ్ళయిందో లేదో ముందు కనుక్కోండి," అంది అమ్మాయి.