మడత నలగని దుప్పటి

గంజిమేడం లెక్కలో ఆవిడ అల్లుడంత దద్దమ్మ ఈ భూమ్మీద లేడు. ఆవిడంటే ముప్పై ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో అజమాయిషీ చేసి, అక్కడే ఆ పేరు తెచ్చుకుని, మొన్నమొన్ననే రిటైరైన మనిషి. అల్లుడుగారేమో బూట్లు అమ్ముతాడు, అదీ సరిగ్గా చేతకాదు. అలాంటివాడు పెళ్లాం ఒంటి దురద తగ్గిస్తాడట.

కూతురు సిటీ బస్సు నడుపుతుంది. చిన్నప్పటినుంచీ సున్నితమైన చర్మం, గట్టి కాలరు తగిలినా కందిపోతుంది. మూడు నెలలుగా పక్క ఎక్కితే చాలు, వీపూ మోకాళ్ల వెనకా ఒకటే దురద. తెల్లవార్లూ గోకుడే. నిద్ర చాలక సోమవారం స్టీరింగు మీదే కునుకు తీసి బస్సుని డిపో గోడకి రాసింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

ఇక అల్లుడి వైద్యం చూడాలి. గోరువెచ్చటి నీళ్లతో స్నానమట, తడి ఆరకముందే వాసన లేని క్రీమట, గది చల్లగా ఉండాలట. డాక్టరు చెప్పాడట, ఈయన విన్నాడట. ఒంటికి దురద మురికివల్ల పుడుతుందని గంజిమేడం ఎప్పుడో తేల్చేసింది. అందుకే రిటైరైన దగ్గర్నుంచీ కూతురి దుప్పట్లు తనే తీసుకెళ్లి, రెండింతలు సబ్బుపొడి వేసి ఉతికి, ఆఖరి నీళ్లలో సెంటు మందు ధారాళంగా పోసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ప్రతి ఆదివారం తెచ్చి తన చేతులతోనే పరుస్తోంది.

బుధవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్లింది. అల్లుడు స్నానాలగదిలో గొంతుక్కూర్చుని, ఆవిడ పరిచిన దుప్పటినే బకెట్లో జాడిస్తున్నాడు. జాడించడమూ రాదు, సగం నీళ్లు తన ఒంటిమీదే.

"నేను ఉతికింది నువ్వు మళ్లీ ఉతుకుతున్నావా? ఎంత పొగరయ్యా నీకు."

వెనకనుంచి కూతురు అంది, "ఆయన్నేం అనకమ్మా. ఆ సెంటూ ఆ గంజీ నా ఒంటికి పడట్లేదు. డాక్టరు నెల కిందటే చెప్పాడు."

"నెలకిందటా? మరి నాకు చెప్పి చావొచ్చుగా."

"ఎలా చెప్పను? ఉద్యోగం అయిపోయాక నీకు మిగిలిన పని అదొక్కటే. పక్క మీద చెయ్యేసి మురిసిపోతావు. అందుకే ఓర్చుకుని దానిమీదే పడుకున్నా. బస్సు గోడకి తగిలాక ఈయన ఇక ఊరుకోనన్నాడు."

గంజిమేడం సిగ్గుతో చచ్చిపోయింది. ముప్పై ఏళ్లు దుప్పటి తెల్లగా ఉందా లేదా అని చూసింది తప్ప, దాని మీద పడుకున్నవాళ్లకి ఎలా ఉందని ఒక్కర్నీ అడిగిన పాపాన పోలేదు. చివరికి సొంత కూతురు కూడా, తల్లి మొహం చిన్నబోతుందని, ఉద్యోగం మీదికి వచ్చేదాకా నోరు నొక్కుకుంది.

ఆవిడ అల్లుడి పక్కన చతికిలబడింది. "ఎన్ని నీళ్లకి పోతోందయ్యా ఈ సెంటు?"

"నాలుగు, అత్తయ్యా," అన్నాడతను తలెత్తకుండా.

ఆవిడ బకెట్ లాక్కుని ఐదో నీళ్లు పట్టింది.